నోరు విప్పినవాడు మార్లన్ రిగ్స్

ఏప్రిల్ 5న మన పేటల్లో బాబూ జగ్జీవన్ రామ్ విగ్రహాలకు దండలు పడతాయి. తొమ్మిది రోజులు తిరిగేసరికి అంబేద్కర్ జయంతి. ఆత్రేయపురం నుంచి అమలాపురం దాకా మాకు ఏప్రిల్ అంటే నీలి జెండాల నెల. అదే ఏప్రిల్ 5న, 1994లో, అమెరికాలోని ఓక్లాండ్ నగరంలో 37 ఏళ్ల నల్లజాతి దర్శకుడొకాయన తన ఇంట్లో ఎయిడ్స్‌తో కన్నుమూశాడు. పేరు మార్లన్ రిగ్స్.

మాల్కం ఎక్స్ మనకు తెలుసు. మార్టిన్ లూథర్ కింగ్ తెలుసు. బ్లాక్ పాంథర్లను చూసే 1972లో బొంబాయి కుర్రాళ్లు దళిత్ పాంథర్స్ పెట్టారని మన సభల్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ వరుసలో రిగ్స్ పేరు రాదు. ఆయన గే. పైగా హెచ్ఐవి ఉన్నవాడు. ఆ రెండూ దాచుకోకుండా కెమెరా ముందు చెప్పినవాడు. ఉద్యమాలు కూడా కొందరి పటాలను గోడకు తగిలించి, కొందరివి అటక మీద పెడతాయి. ఈ వర్ధంతికి ఆ పటాన్ని ఒకసారి దించి దుమ్ము దులుపుదామని మా ప్రయత్నం.

రిగ్స్ 1957 ఫిబ్రవరి 3న టెక్సస్ రాష్ట్రంలోని ఫోర్ట్ వర్త్‌లో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరివీ సైన్యానికి అనుబంధమైన ఉద్యోగాలు. బదిలీలతో ఊళ్లు మారుతూ పెరిగాడు. జార్జియా రాష్ట్రంలో హెఫ్జిబా అనే చిన్న ఊరి బడిలో చదివిన రోజులు ఆయనను జీవితాంతం వదల్లేదు. అక్కడ తెల్లపిల్లలు రంగు పేరుతో తిట్టేవారు. నల్లపిల్లలేమో తెల్లవాళ్ల తొత్తు అని వెక్కిరించేవారు. నడక, మాట తీరు చూసి ఆడంగి అని ఇద్దరూ కలిసి ఏడిపించేవారు. చదువులో ముందున్నాడు కాబట్టి మరింత ఒంటరి. మన హాస్టళ్లలో చదివిన వాళ్లకు ఈ మూడు దెబ్బల లెక్క వివరించనక్కర్లేదు. బయటివాడు కులం పేరుతో కొడితే, లోపలివాడు మాడా అనో పేడి అనో కొడతాడు. మొదటిదానికి కేసు పెట్టొచ్చు. రెండోది నవ్వులాటలో కలిసిపోతుంది.

కుటుంబం జర్మనీకి వెళ్లాక అక్కడి న్యూరెంబర్గ్ అమెరికన్ హైస్కూల్లో విద్యార్థి సంఘం అధ్యక్షుడయ్యాడు. 1974లో హార్వర్డ్‌లో చేరాడు. తాను గే అని తనకు స్పష్టమైంది అక్కడే. చదువుతున్నది చరిత్ర. తనలాంటి వాళ్ల చరిత్ర మాత్రం ఏ తరగతిలోనూ లేదు. అప్పుడాయన శాఖ వాళ్లకు అర్జీ పెట్టుకుని, అమెరికా కథల్లో, కవిత్వంలో స్వలింగ ప్రేమ ఎలా కనిపించిందో సొంతంగా చదువుకునేందుకు అనుమతి తెచ్చుకున్నాడు. సిలబస్‌లో మనం లేకపోతే సిలబస్ మనమే రాసుకోవాలన్న పట్టు అది. 1978లో పట్టా చేతికొచ్చింది.

టెక్సస్‌లో ఒక టీవీ స్టేషన్లో ఏడాదిపాటు పనిచేసి, అక్కడి జాతి వివక్ష భరించలేక కాలిఫోర్నియా చేరాడు. బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో జర్నలిజం చదివి 1981లో బయటికొచ్చాడు. చదువు చివర తీసిన డాక్యుమెంటరీ ఓక్లాండ్ నల్లవాడల బ్లూస్ సంగీతం గురించి. 1987 నుంచి అదే బర్క్‌లీలో పాఠాలు చెప్పాడు.

ఆయనకు పేరు తెచ్చిన తొలి సినిమా ‘ఎత్నిక్ నోషన్స్’. గంటలోపు నిడివి. పాత పోస్టర్లు, బొమ్మలు, చక్కెర డబ్బాలు, కార్టూన్లు, పాటల పుస్తకాల అట్టలు: తెల్లవాళ్ల ఇళ్లలో రోజూ చేతికి తగిలే ఇలాంటి వస్తువుల మీద నల్లవాళ్లను వందేళ్లకు పైగా ఎలా గీశారో ఒక్కొక్కటే తీసి చూపిస్తాడు. యజమాని పిల్లల్ని సాకే లావుపాటి నవ్వుముఖం ఆయా, బానిసత్వంలోనే హాయిగా ఉన్నట్టు పళ్లికిలించే పనివాడు, విడుదలయ్యాక క్రూరమృగంలా మారినట్టు గీసిన మగవాడు. బానిసత్వం ఉన్నన్నాళ్లూ సంతోషంగా ఉన్న బొమ్మ, బానిసత్వం పోగానే భయపెట్టే బొమ్మ. బొమ్మ మారింది కాలాన్ని బట్టి కాదు, పైవాడి అవసరాన్ని బట్టి. ఈ సినిమాకు 1988లో ఎమ్మీ అవార్డు వచ్చింది. తెలుగు సినిమాల్లో పాలేరు పాత్రను, తాగుబోతు హాస్యాన్ని, ఊరి చివర అమ్మాయిని వరసబెట్టి అతికించి ఇలాంటి సినిమా ఒకటి మనవాళ్లెవరైనా తీయాలని మాకు చాలాకాలంగా ఉంది. సరుకుకు కొదవ లేదు.

1988 డిసెంబర్లో జర్మనీలో ఉండగా రిగ్స్ మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఆసుపత్రిలో చేర్చారు. అక్కడే హెచ్ఐవి ఉందని తేలింది. ఆయన వయసు 31.

అప్పటికి ఆ జబ్బుకు అమెరికా ప్రభుత్వం అనుమతించిన మందు ఒక్కటే, ఏజడ్‌టీ. 1987 మార్చిలో వచ్చింది. ఏడాదికి పది వేల డాలర్ల దాకా ఖర్చు. నాలుగు గంటలకొకసారి, రాత్రి అలారం పెట్టుకుని లేచి మరీ మింగాలి. రక్తహీనత వచ్చేది. ఇన్ని పడి మింగినా కొన్నాళ్లకు పనిచేయడం మానేసేది. 1989లో, అంటే రిగ్స్ ఫలితం తెలిసిన కొద్ది నెలలకే, శాస్త్రవేత్తలు కారణం ప్రచురించారు. ఏజడ్‌టీ నెలల తరబడి వాడిన వాళ్ల ఒంట్లోని వైరస్ ఆ మందుకు లొంగని రకంగా మారిపోతోంది.

ఈ సంగతి గోదావరి డెల్టాలో మందు కొట్టే కూలీలకు ఏ డాక్టరూ చెప్పకుండానే అర్థమవుతుంది. సుడిదోమకు మొదట ఒక్క పిచికారీ చాలుతుంది. అదే మందు ఏటా కొడుతూ పోతే మోతాదు పెంచాలి, తర్వాత రెండుసార్లు కొట్టాలి, ఆ తర్వాత కొట్టినా దోమ చావదు. దోమ తెలివి మీరి కాదు. లక్షల్లో ఎక్కడో ఒకటి మందుకు చావని రకం ముందే ఉంటుంది. మిగతావి చస్తే పొలమంతా దానిదే. హెచ్ఐవి రోజుకు కోట్లాది నకళ్లు తీసుకుంటుంది. నకలు తీసేటప్పుడు తప్పులు చేస్తుంది. ఆ తప్పుల్లో ఒకటి మందును తప్పించుకునే దారి అవుతుంది. నా ఒంటికి మందు పడటం లేదు అని మనవాళ్లంటారు. మొండికెత్తింది ఒళ్లు కాదు, వైరస్. అందుకే ఆ మొండి రకం ఒకరి నుంచి ఒకరికి పాకగలదు. జీవితంలో ఒక్క మాత్ర వేసుకోని కుర్రాడికి కూడా మొదటి రోజే మందుకు లొంగని వైరస్ అంటుకోవచ్చు.

ఒక్క తాళాన్ని దొంగ తీస్తాడు. మూడు తాళాలు ఒకేసారి తీయడం కష్టం. మూడు మందులు కలిపి ఇవ్వడం వెనకున్న లెక్క ఇంతే. ఆ మూడు కలిసేందుకు 1996 దాకా ఆగాల్సి వచ్చింది. రిగ్స్‌కు ఉన్నది ఐదేళ్ల పైచిలుకు కాలం.

ఆ ఐదేళ్లలో ఆయన చేసిన పని చూస్తే మాకు ఆశ్చర్యం వేస్తుంది. మొదటిది ‘టంగ్స్ అన్‌టైడ్’, 1989. కట్టు విప్పిన నాలుకలు అనుకోవచ్చు. నల్లజాతి గే కవుల గురించి చిన్న సినిమా తీద్దామని మొదలుపెట్టి, జబ్బు సంగతి తెలిశాక తానే కెమెరా ముందుకు వచ్చాడు. హెఫ్జిబా బడి అందులో ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో గేల స్వర్గమని పేరున్న కాస్ట్రో పేటలో తాను అడుగుపెట్టి, ఆ పుస్తకాల్లో, పోస్టర్లలో, బార్లలో నల్ల ముఖమే లేదని గమనించడం ఉంది. తెల్ల గేల బార్ల గుమ్మం దగ్గర నల్లవాళ్లను మాత్రం రెండు మూడు గుర్తింపు కార్డులు అడిగి తిప్పి పంపడం ఉంది. కవి ఎసెక్స్ హెంప్‌హిల్ గొంతు ఉంది. చిటికెలు వేస్తూ సాగే వెటకారం ఉంది, వీధి నాట్యం ఉంది. చివరికొచ్చేసరికి ఎయిడ్స్‌తో పోయిన నల్లజాతి మగవాళ్ల ఫొటోలు, పత్రికల్లో వచ్చిన సంతాప ప్రకటనలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. మాట ఉండదు. గుండె చప్పుడు వినిపిస్తుంది.

అణచివేతకు గురైన వాళ్లలోపల ఇంకో అణచివేత ఉంటుందని చెప్పడం తేలిక కాదు. బయటివాడికి ఆయుధం ఇచ్చినట్టవుతుందని మనవాళ్లే నోరు నొక్కుతారు. రిగ్స్‌కు రెండు వైపుల నుంచీ దెబ్బలు పడ్డాయి. బెర్లిన్ చిత్రోత్సవంలో సినిమాకు బహుమతి వచ్చింది. 1991 జూలైలో అమెరికా ప్రజా టీవీ పీబీఎస్ దాన్ని ప్రసారానికి పెడితే చాలా స్టేషన్లు వేయమన్నాయి. ప్రభుత్వ కళానిధి నుంచి ఈ సినిమాకు అందింది ఐదు వేల డాలర్లు. ఆ ఐదు వేలను పట్టుకుని పన్ను సొమ్ము పాడవుతోందని మితవాదులు గోల చేశారు. 1992 అధ్యక్ష ఎన్నికల పోటీలో ప్యాట్ బుకానన్ ఈ సినిమాలోంచి కొన్ని దృశ్యాలు కత్తిరించి, అధ్యక్షుడు బుష్ మీద టీవీ ప్రకటన చేశాడు. రిగ్స్ ఊరుకోలేదు. 1988 ఎన్నికల్లో విల్లీ హార్టన్ అనే నల్లజాతి ఖైదీ ముఖం చూపించి తెల్ల ఓటర్లను భయపెట్టినట్టే ఇప్పుడు తనను వాడుతున్నారని న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాశాడు. ఎత్నిక్ నోషన్స్‌లో తాను చూపించిన పాత బొమ్మల జాబితాలోకి తననే చేర్చారన్నమాట.

(ఆ వివాదం నడుస్తున్న 1991 ఆగస్టులో మన దగ్గర చుండూరు జరిగింది. తుంగభద్ర కాలువలో గోనెసంచుల్లో శవాలు తేలుతున్న రోజుల్లో ఎక్కడో కాలిఫోర్నియాలో ఒక సినిమా గురించి మనకెవరు చెబుతారు?)

1992లో వచ్చిన ‘నో రిగ్రెట్’ చిన్న సినిమా. హెచ్ఐవి ఉన్న అయిదుగురు నల్లజాతి గేలు అందులో మాట్లాడతారు. తల్లికి ఎలా చెప్పారు, చర్చిలో ఎలా దాచారు, ఎప్పుడు దాచడం మానేశారు. మా దృష్టిలో రిగ్స్ తీసిన వాటిలో మన డెల్టాకు ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఎందుకో చెప్పాలి.

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నాకో 2021 అంచనాల్లో దేశ సగటు నూటికి 0.21 అయితే ఆంధ్రప్రదేశ్‌ది 0.67. ఈశాన్య రాష్ట్రాలను పక్కన పెడితే ఎక్కువ ఉన్నది మన దగ్గరే. మందులు 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తోంది. ఆ మందులు తయారయ్యేది ఎక్కడో కాదు. హెటిరో, అరబిందో లాంటి హైదరాబాద్ కంపెనీల మాత్రలు ఆఫ్రికా దాకా వెళ్తాయి. మందు కొరత పెద్ద సమస్య కాని చోట కూడా వైరస్ మొండికెత్తుతోందంటే దానికి దారి సిగ్గు వేస్తోంది. ఆత్రేయపురం మండలంలోని కుర్రాడు మందుల కోసం బొబ్బర్లంక దగ్గర బ్యారేజీ దాటి రాజమండ్రి వెళ్లాలి, లేదా కాకినాడ. కూలి పోతుంది. ఏఆర్‌టి కేంద్రం ముందు వరసలో ఊరివాళ్లెవరైనా కనబడతారేమోనని గోడ వైపు తిరిగి నిలబడతాడు. ఇంటికొచ్చాక సీసా ఎక్కడ పెట్టాలన్నది ఇంకో గొడవ. మగవాళ్లతో తిరిగే కుర్రాడైతే దాచాల్సినవి రెండు. పెళ్లి చేస్తే మూడు. గల్ఫ్ వీసాకు హెచ్ఐవి పరీక్ష తప్పనిసరి, ఉందని తేలితే ఆ దారి మూసుకుపోతుంది. మన లంక గ్రామాల్లో ఆ దారి మీదే ఎన్ని ఇళ్లు ఆశ పెట్టుకున్నాయో అందరికీ తెలుసు. పరీక్షే చేయించుకోకుండా ఏళ్లు గడిపేసే వాళ్లు అందుకే ఉంటారు.

నాలుగు రోజులు మాత్ర మానితే ఏమవుతుందన్నది చాలామందికి చెప్పేవాళ్లు లేరు. మొదట్లో మన దగ్గర ఇచ్చిన మూడు మందుల్లో నెవిరపిన్ ఒకటి. మిగతా రెండూ రక్తంలోంచి త్వరగా దిగిపోతాయి. ఇది మాత్రం రోజుల తరబడి ఉంటుంది. అంటే హఠాత్తుగా మానేసినవాడి ఒంట్లో కొన్నాళ్లపాటు ఒక్క మందే కాపలా ఉంటుంది. వైరస్‌కు అదే కావాలి. నెవిరపిన్‌ను తప్పించుకోవడానికి దానికి ఒక్క మార్పు చాలు. ఒకసారి తప్పించుకున్నాక ఆ కుటుంబంలోని ఎఫావిరెంజ్ కూడా పనిచేయదు. లోకమంతా ఇలా మొండి రకాలు పెరగబట్టే ఇప్పుడు డోలుటెగ్రావిర్ అనే మందు ఉన్న మాత్రకు మారారు. మన ఏఆర్‌టి కేంద్రాల్లో 2020 నుంచి ఇస్తున్నది అదే. ఇది తేలిగ్గా లొంగిపోదు. అలాగని మానుతూ వేసుకుంటూ ఉంటే దేనికీ హామీ లేదు.

వైరల్ లోడ్ పరీక్ష కేంద్రాల్లో ఉచితం. అడిగి చేయించుకోవాలి. వెయ్యి దాటితే వెంటనే మందు మార్చరు. మాత్రలు సరిగ్గా పడుతున్నాయా లేదా అని కూర్చోబెట్టి మాట్లాడి, మళ్లీ పరీక్ష చేసి, అప్పటికీ దిగకపోతే రెండో వరస మందులకు పంపుతారు. ఆ మాట్లాడే చోట కుర్రాడు నిజం చెప్పగలగాలి. ఎవరితో ఉంటున్నాడో, మాత్రలు ఎందుకు మానాడో. 2018 సెప్టెంబర్లో సుప్రీంకోర్టు స్వలింగ ప్రేమను నేరం జాబితాలోంచి తీసేసింది. హెచ్ఐవి ఉన్నవాళ్ల గోప్యతను కాపాడే చట్టం కూడా అదే నెలలో అమల్లోకి వచ్చింది. కాగితం మీద తాళం తీశారు. నోరు మాత్రం ఇంకా కట్టేసే ఉంది. రిగ్స్ సినిమాలో ఆ అయిదుగురూ చేసింది ఆ కట్టు విప్పడమే.

ఇంకో మాట. అమెరికా లెక్కలు జాతి వారీగా వస్తాయి కాబట్టి అక్కడి అన్యాయం కంటికి కనబడుతుంది. 1998 నుంచి 2000 దాకా ఆరు నగరాల్లో 23-29 ఏళ్ల గే, బైసెక్సువల్ యువకులను పరీక్షిస్తే, నల్లజాతి వాళ్లలో ఏడాదికి నూటికి దాదాపు 15 మందికి కొత్తగా హెచ్ఐవి సోకుతున్నట్టు లెక్క తేలింది. తెల్లవాళ్లలో రెండున్నర. 2016లో ప్రభుత్వ సంస్థ సీడీసీ ఇలాగే సాగితే నల్లజాతి గేలలో ఇద్దరిలో ఒకరికి, తెల్ల గేలలో పదకొండు మందిలో ఒకరికి జీవితకాలంలో ఈ జబ్బు తగులుతుందని చెప్పింది. నల్లవాళ్లు విచ్చలవిడిగా తిరగడం వల్ల కాదని పరిశోధనలు తేల్చాయి. కండోమ్ వాడకంలో, సంబంధాల సంఖ్యలో వాళ్లు వెనకబడి లేరు. పరీక్ష ఆలస్యం, ఇన్సూరెన్స్ లేకపోవడం, మందు ఆగిపోవడం, జైలు, పేదరికం: తేడా అక్కడుంది. మన నాకో అంచనాలు రాష్ట్రం వారీగా, వయసు వారీగా, ఆడ మగ వారీగా వస్తాయి. కులం వారీగా రావు. కులం లెక్కల కోసం ఇంత పోరాడే మనం ఈ లెక్క ఎందుకు అడగలేదో ఆలోచించాలి.

రిగ్స్ చివరి సినిమా ‘బ్లాక్ ఈజ్... బ్లాక్ ఎయింట్’. నల్లదనం అంటే ఏది, ఏది కాదు అన్నది విషయం. అంతకుముందే టీవీలో నల్లవాళ్ల చరిత్ర మీద ‘కలర్ అడ్జస్ట్‌మెంట్’ తీసి పీబడీ అవార్డు తెచ్చుకున్నాడు. ఈసారి గురి తన ఇంటి మీదే. నిజమైన నల్ల మగవాడు ఇలా ఉండాలి, నిజమైన నల్ల స్త్రీ ఇంత మౌనంగా ఉండాలి అని చర్చిలోనూ ఉద్యమంలోనూ శాసించే వాళ్లను నిలబెట్టి అడిగాడు. ఏంజెలా డేవిస్, బెల్ హుక్స్, కార్నెల్ వెస్ట్ అందులో మాట్లాడతారు. సినిమా పొడుగునా ఆయన అమ్మమ్మ వండే గంబో అనే పులుసు కాగుతూ ఉంటుంది. రొయ్య, పీత, కోడి, సాసేజ్, ఏది దొరికితే అది వేసి వండే కూర అది. అన్నీ ఒకే కుండలో పడతాయి. దేని రుచి దానికి ఉంటుంది. లూసియానా డెల్టా వంట. మన గోదావరి వాళ్లకు ఆ వాసన తెలియకపోదు.

షూటింగ్ నడుస్తుండగానే ఒళ్లు పూర్తిగా పాడైంది. ఆసుపత్రి మంచం మీదికే కెమెరా తెప్పించుకున్నాడు. తన బరువెంతో, టీ కణాలు ఎన్ని మిగిలాయో ప్రేక్షకుడికి అంకెల్లో చెప్పాడు. అడవిలో ఒంటి మీద గుడ్డ లేకుండా పరుగెత్తే దృశ్యాలు ఈ సినిమాలోవే. చెట్ల మధ్య దారి వెతుక్కుంటూ, సన్నగిల్లిన ఒంటితో. బట్టలతో పాటు బిరుదులూ పోతే మనిషిగా ఏం మిగులుతుందో చూడమన్నట్టు ఉంటుంది. మన సభల్లో ఈ సినిమా వేస్తే సగంమంది లేచి వెళ్తారని మాకు తెలుసు. అయినా వేయాలి.

పదిహేనేళ్లు ఆయనతో కలిసి ఉన్న జాక్ విన్సెంట్ తెల్లవాడు. నల్లవాళ్ల ప్రేమ గురించి సినిమా తీసి తెల్లవాడితో కాపురమేమిటని కొందరు ఎత్తిపొడిచారు. కులాంతరం చేసుకున్న మన నాయకులు ఎదుర్కొనే ప్రశ్నే ఇది. రిగ్స్ ఆ బంధాన్ని దాచనూ లేదు, వదులుకోనూ లేదు.

సినిమా పూర్తికాకుండానే ఏప్రిల్ 5 వచ్చింది. సహ నిర్మాత నికోల్ అట్కిన్సన్, ఎడిటర్ క్రిస్టియన్ బాడ్జ్‌లీ, మిగతా బృందం ఆయన వదిలిన నోట్సు, మాటలు దగ్గర పెట్టుకుని దాన్ని ముగించారు. 1995లో సన్‌డాన్స్ ఉత్సవంలో బహుమతి అందుకుంది. ఆ ఏడాది నవంబర్ 4న ఎసెక్స్ హెంప్‌హిల్ కూడా ఎయిడ్స్‌తో పోయాడు. ఆయనకు 38. మరో నెల తర్వాత, డిసెంబర్లో, వైరస్‌ను వేరే చోట దెబ్బకొట్టే కొత్త తరహా మందుల్లో మొదటిదైన సాక్వినావిర్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. 1996 జూలైలో వాంకూవర్ సదస్సు నాటికి మూడు మందులు కలిపితే మనిషి బతుకుతాడని రుజువైంది.

‘టంగ్స్ అన్‌టైడ్’ను 2022లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారంలో చేర్చారు. ఒకప్పుడు టీవీ స్టేషన్లు వేయమన్న సినిమాను ఇప్పుడు ప్రభుత్వమే భద్రంగా దాస్తోంది.